వీగన్ వంట, చదువు రెండూ కలిపి నడుపుతున్నవాళ్లు ఒకసారి చెప్పండి, నా వల్ల కావట్లేదు

కిటికీపక్కబెంచి:

అందరికీ నమస్కారం. మూడో ఏడాది చదువుతున్నాను. పాలు, పెరుగు, గుడ్లు, మాంసం అన్నీ మానేసి ఏడు నెలలైంది. పశువుల కోసమే మానేశాను, ఆ నిర్ణయం మార్చుకునే ఉద్దేశం లేదు కాబట్టి దయచేసి "కొంచెం పెరుగు తింటే ఏమవుతుంది" అని మాత్రం ఎవరూ రాయకండి, ఇంట్లో ఆ మాట రోజూ వింటున్నాను.

నా బాధంతా టైం గురించే. పొద్దున ఎనిమిదికి క్లాసు, ల్యాబ్ అయ్యేసరికి సాయంత్రం అయిదున్నర, రూమ్‌కి చేరేసరికి ఏడు. అప్పుడు కూరగాయలు తరిగి, పప్పు ఉడికించి, తిని, గిన్నెలు తోమి పుస్తకం ముందు కూర్చునేసరికి పదవుతోంది. పదకొండుకి కళ్లు మూసుకుపోతాయి. అందుకని నెల రోజుల నుంచి వండడమే మానేశాను. బ్రెడ్డు, పీనట్ బటర్, అరటిపండు, రాత్రికి మళ్లీ బ్రెడ్డు. మొన్న మెట్లెక్కుతూ సగంలో ఆగిపోయాను, రెయిలింగ్ పట్టుకుని ఒక నిమిషం అలాగే నిలబడాల్సి వచ్చింది. ఇదివరకు ఎప్పుడూ ఇలా లేదు. అరికాళ్లలో తిమ్మిరిగా కూడా ఉంటోంది, ఎక్కువసేపు కూర్చోవడం వల్లేమో అనుకుంటున్నాను.

చదువుతూ కూడా ఇంటి వంటే తింటున్న వీగన్లు మీ వారం ఎలా గడుస్తుందో వివరంగా చెప్తారా? రెసిపీలు నెట్‌లో బోలెడున్నాయి, నాకు కావాల్సింది అవి కాదు.

నానబెట్టినశనగలు:

ముందుగా ఒక మాట, ఆ తిమ్మిరిని కూర్చోవడం మీదకి తోసేయకు. దాని గురించి ఇక్కడ తెలిసినవాళ్లు చెప్తారు, నేను వంట వరకే చెప్తాను. నేను రీసెర్చ్‌లో ఉన్నాను, వీగన్ అయ్యి అయిదో ఏడాది, మొదటి ఏడాది అచ్చం నీలాగే గడిపాను.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నువ్వు రోజూ సాయంత్రం సున్నా నుంచి మొదలుపెడుతున్నావు, అదే దెబ్బ. పప్పు ఉడకడం, శనగలు ఉడకడం, ఉల్లిపాయ వేగడం, ఈ మూడూ సమయం తినేసే పనులు. ఈ మూడూ రోజూ చేయాల్సిన అవసరమే లేదు. వారానికి ఒక్కసారి చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే మిగతా రోజుల్లో నువ్వు చేసేది వేడి చేసుకోవడం, కలుపుకోవడం, అంతే.

నా పద్ధతి ఇది. శనివారం రాత్రి పడుకునే ముందు రెండు పెద్ద గిన్నెల్లో నానబెడతాను, ఒకదాంట్లో కాబూలీ శనగలు, ఇంకోదాంట్లో ఆ వారం ఏది ఉంటే అది, బొబ్బర్లో పెసలో. నీళ్లు బాగా ఎక్కువ పోయాలి, గింజ రెట్టింపు కంటే ఎక్కువే ఉబ్బుతుంది, నీళ్లు తక్కువైతే పైన ఉన్నవి పొడిగా ఉండిపోతాయి. ఆదివారం పొద్దున ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో ఒకదాని తర్వాత ఒకటి కుక్కర్‌లో పెడతాను. కుక్కర్ పని అది చేసుకుంటుంది, నేను పక్కన కూర్చుని చదువుకుంటాను. ఒక కప్పు ఎండు శనగలు ఉడికాక రెండున్నర నుంచి మూడు కప్పులవుతాయి.

ఉడికినవాటిని నీళ్లు వడకట్టి, వెడల్పు పళ్లెంలో గుడ్డ పరిచి దానిమీద ఒకే వరసగా ఆరబోస్తాను. తడి ఆరాక ఆ గుడ్డ తీసేసి అదే పళ్లేన్ని ఫ్రీజర్‌లో ఒక రెండు గంటలు ఉంచుతాను, గింజలు విడివిడిగా గట్టిపడతాయి. అప్పుడు డబ్బాలోకి ఎత్తేస్తాను. నేరుగా డబ్బాలో పోసి గడ్డ కట్టిస్తే ఇటుక తయారవుతుంది, చెంచాతో పొడవాల్సి వస్తుంది. ఇలా చేస్తే బుధవారం రాత్రి ఎనిమిదింటికి డబ్బా మూత తీసి గుప్పెడు తీసుకుంటే గులకరాళ్లలా గలగలమంటూ మూకుట్లో పడతాయి, మూడు నిమిషాల్లో మెత్తబడతాయి. ఆ చప్పుడు వినిపిస్తే చాలు నాకు సగం అలసట పోతుంది, నిజంగా.

రెండోది ఉల్లి, టమాటా ముద్ద. ఆదివారమే కిలో ఉల్లిపాయలు, అరకిలో టమాటాలు, అల్లం, వెల్లుల్లి కలిపి నూనె పైకి తేలేదాకా వేయించి, చల్లారాక ఐస్ ట్రేలో నింపి గడ్డ కట్టించు. రోజుకి రెండు ముక్కలు చాలు. అన్నిటికీ అదే పునాది, మసాలా మార్చుకుంటే కూర మారిపోతుంది.

ఇంకోటి, కొత్తవాళ్లు చాలామంది చేసే పొరపాటు. గింజలు ఉడకకముందే టమాటా, చింతపండు, నిమ్మరసం లాంటి పులుపు వేయకు. పులుపుకి పైతొక్క గట్టిపడిపోతుంది, ఎంత ఉడికించినా లోపల పలుకు ఉంటుంది. ఉప్పు ముందే వేసినా పర్వాలేదు. మీ నీళ్లు సబ్బు నురగ రాని కఠిన జలం అయితే కూడా గింజలు సరిగా ఉడకవు, అప్పుడు తాగే ఫిల్టర్ నీళ్లు వాడు. తినే సోడా చిటికెడు వేస్తే త్వరగా మెత్తబడతాయి కానీ బి1 విటమిన్ కొంత పోతుంది, అందుకే నేను వేయను.

ఒకటేగిన్నె:

పైన రాసింది బాగుంది కానీ ఫ్రీజర్ లేనివాళ్ల సంగతి ఏంటి అన్నా? నా రూమ్‌లో ఉన్నది ఒక ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్, ఒక కత్తి, ఒక పళ్లెం. ఫ్రిజ్ కింద ఓనర్‌వాళ్ల ఇంట్లో ఉంది, అడగాలంటే మొహమాటం.

నేను చేసేది చెప్తాను. బియ్యం ఒక కప్పు, మసూర్ పప్పు అర కప్పు, కడిగి నాలుగు కప్పుల నీళ్లు, పసుపు, ఉప్పు, ఉన్న కూరగాయ ఏదైనా ముక్కలు చేసి అందులోనే. స్విచ్ నొక్కి స్నానానికి వెళ్తాను. ఆకుకూర ఉంటే స్విచ్ పైకి వచ్చాక వేసి మూత పెడతాను, ఆ ఆవిరికే మగ్గిపోతుంది. మసూర్ పప్పుకి నానబెట్టే పని లేదు, బియ్యంతో సమానంగా ఉడుకుతుంది, అందుకే అదే ఎంచుకున్నాను. పైన వేయించిన నువ్వులు, నిమ్మరసం. తరగడానికి అయిదు నిమిషాలు, తోమడానికి ఒకే గిన్నె. పరీక్షల వారంలో ఏడు రోజులూ ఇదే తిన్నాను, పప్పులూ కూరగాయలూ మారుస్తూ ఉంటే విసుగు రాలేదు.

ఎక్కువ వండి మర్నాడు పొద్దున కూడా అదే తినేస్తాను, కుక్కర్‌లోనే ఉంచేస్తాను.

ల్యాబ్_లైట్లు:

@ఒకటేగిన్నె ఆ చివరి లైను చూసి ఆగిపోయాను. కుక్కర్ ఆపేసి రాత్రంతా అలా వదిలేసిన అన్నం తినకండి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అదే అసలు ప్రమాదం, "వేడి చేసుకుని తిన్నాను కదా" అని చాలామంది ధీమాగా ఉంటారు. మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, మర్నాటికల్లా తినేయాలి. ఫ్రిజ్ లేకపోతే ఆ పూటకి సరిపడా మాత్రమే వండుకోండి. మీకు ఎలాగూ పది నిమిషాల పనే కదా.

@కిటికీపక్కబెంచి ఇప్పుడు మీ విషయం. నేను పోషకాహారం చదువుతున్నాను, డాక్టర్ని కాదు. మీరు రాసిన అలసట, ఆయాసం, అరికాళ్ల తిమ్మిరి మూడూ కలిపి చూస్తే బి12 పరీక్ష చేయించుకోకుండా ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి అంటాను. రక్తంలో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) కూడా చూపించండి. బి12 టాబ్లెట్ గానీ, బి12 కలిపిన సోయా పాలు, సీరియల్ లాంటివి గానీ ఏమైనా తీసుకుంటున్నారా? మీ పోస్టులో ఎక్కడా కనిపించలేదు.

వానచినుకు:

టాబ్లెట్లు ఎందుకండీ, ఆకుకూరలు, మొలకలు, స్పైరులినా (నీటి నాచు పొడి) బాగా తింటే బి12 సహజంగానే వస్తుంది అని చదివాను. నేను రెండేళ్లుగా ఏ టాబ్లెట్టూ వేసుకోలేదు, బాగానే ఉన్నాను.

ల్యాబ్_లైట్లు:

@వానచినుకు మీ మీద కోపం కాదు, కానీ దీన్ని ఇలా వదిలేయలేను, ఎవరో ఒకరు చదివి నమ్ముతారు. బి12 తయారుచేసేది బ్యాక్టీరియా. మొక్కలకి అది అక్కర్లేదు, అందుకే ఆకుకూరల్లో, మొలకల్లో నమ్ముకోదగ్గంత ఉండదు. స్పైరులినాలో ఉండేది చాలావరకు బి12ని పోలిన ఇంకో పదార్థం, మన ఒంట్లో అది పనిచేయదు. మీరు రెండేళ్లు బాగానే ఉండడానికి కారణం కాలేయంలో నిల్వ. అంతకుముందు తిన్నదాని నిల్వ కొందరికి ఏళ్ల తరబడి వస్తుంది, కొందరికి ముందే తక్కువగా ఉండి త్వరగా అయిపోతుంది. అయిపోతున్నట్టు మొదట్లో ఏమీ తెలియదు.

ఇంకా ఒకటుంది. వీగన్ తిండిలో ఫోలేట్ (ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇంకో బి విటమిన్) పుష్కలంగా ఉంటుంది. అది ఎక్కువగా ఉన్నప్పుడు బి12 లోపం వల్ల వచ్చే రక్తహీనత పైకి కనిపించకపోవచ్చు, కానీ నరాల దెబ్బ లోపల సాగుతూనే ఉంటుంది. ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా బాగుపడకపోవచ్చు. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది 2.4 మైక్రోగ్రాములు, అంత చిన్న మొత్తం. ఒక చిన్న టాబ్లెట్‌తో తీరిపోయే దానికి నరాలు పోగొట్టుకోవడం ఎందుకు చెప్పండి. వీగన్ అనే మాట పుట్టించింది 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు, బి12ని విడదీసి కనుక్కున్నది 1948లో. అంటే ఈ దారి మొదలుపెట్టినవాళ్లకి అప్పటికి ఈ సంగతి తెలిసే వీలే లేదు. మనకి తెలుసు.

మిగతావన్నీ వంటింట్లో సర్దుకోవచ్చు. ప్రోటీన్ లెక్క కిలో బరువుకి 0.8 గ్రాములు, 55 కిలోలుంటే 44 గ్రాములు. ఒక కప్పు ఉడికిన మసూర్ పప్పులో 18 గ్రాముల దాకా ఉంటుంది, 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో పాతిక గ్రాముల పైనే. అన్నం, పప్పు ఒకే ముద్దలో కలవాలని కూడా లేదు, ఒక రోజు మొత్తంలో రెండూ తింటే చాలు. ఐరన్ మాత్రం జాగ్రత్త. పప్పులు, ఆకుకూరల్లో ఐరన్ ఉన్నా మన ఒంటికి పట్టేది తక్కువ, తింటూ నిమ్మరసమో టమాటానో జామపండో ఉంటే బాగా పడుతుంది, భోజనం వెంటనే టీ, కాఫీ తాగితే అంతగా పట్టదు. ఒక గంట ఆగి తాగండి. ఉప్పు అయోడిన్ ఉన్నదే వాడండి. కాల్షియం కోసం పాలకూర మీద ఆధారపడకండి, అందులోని ఆక్సలేట్ వల్ల పట్టేది చాలా తక్కువ. నువ్వులు, టోఫు (సోయా పాలతో చేసే పన్నీరు లాంటిది), కాల్షియం కలిపిన సోయా పాలు నయం.

వానచినుకు:

స్పైరులినా సంగతి నాకు తెలియదు. రేపే పరీక్షకి ఇస్తాను. థ్యాంక్స్ అండి.

మూడోఅంతస్తు:

శనగలు, బొబ్బర్ల గురించి అందరూ చెప్పారు, రాజ్మా గురించి నేను చెప్పాలి, ఎందుకంటే ముగ్గురం ఆసుపత్రి దాకా వెళ్లాం.

రూమ్‌మేట్ దగ్గర స్లో కుక్కర్ ఉంది. పొద్దున ఎండు రాజ్మా, నీళ్లు, ఉప్పు వేసి సన్నటి వేడి మీద పెట్టి క్లాసుకి వెళ్లిపోయాం. సాయంత్రానికి ముద్ద మెత్తగా లేదు కానీ తినగలిగేలా ఉంది, ఆకలి మీద ఉన్నాం, తినేశాం. రెండు గంటలు కాకముందే ఒకడి తర్వాత ఒకడు వాంతులు, బాత్రూమ్ ఒకటే. కడుపు మెలిపెట్టేసింది. ఎవరో పాడైన నూనె అన్నారు, ఎవరో నీళ్లు అన్నారు. డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న "రాజ్మా ఎలా ఉడికించారు" అని.

పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుందట. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి, తెర్లుతూ ఉండేలా పది నిమిషాలకి తగ్గకుండా మరిగించాలి, అరగంట అయితే ఇంకా మంచిది. సన్నటి వేడికి ఆ విషం పోకపోగా పచ్చి గింజలో కంటే పెరగొచ్చు. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు వంద డిగ్రీలు దాటి వేడెక్కుతాయి కాబట్టి అందులో ఉడికిస్తే భయం లేదు. స్లో కుక్కరే వాడాలనుకుంటే ముందు స్టవ్ మీద మరిగించి తర్వాత అందులో వేయండి. ఆ రోజు మూడో వాడు మా తమ్ముడు, మొదటిసారి నా రూమ్‌కి వచ్చాడు. నేను వీగన్ అయినందుకే ఇలా అయిందని ఇంట్లో ఇప్పటికీ అంటారు. రాజ్మా అందరూ తింటారు, ఉడికించడం తెలియక జరిగింది అది.

సాయంత్రంషిఫ్ట్:

నేను చదువుతూ వారానికి నాలుగు సాయంత్రాలు పనికి వెళ్తాను, రాత్రి పదకొండుకి వస్తాను. ఆదివారం వంట నాకు కుదరదు, అది కూడా పని రోజే. అందుకని నేను ముక్కలు ముక్కలుగా చేసుకుంటాను. సోమవారం ఏదో ఒక గింజ కుక్కర్‌లో, మంగళవారం కూరగాయలు తరిగి డబ్బాల్లో, బుధవారం ముద్ద. ఒక్కో రోజు ఇరవై నిమిషాలు. పెద్ద వంట ఒకేసారి అంటే భయపడేవాళ్లకి ఇది సులువు.

నానబెట్టడం మర్చిపోయిన రోజున ఒక ఉపాయం. గింజలు రెండు నిమిషాలు తెర్లనిచ్చి, స్టవ్ ఆపి, మూత పెట్టి గంట వదిలేయాలి, రాత్రంతా నానినట్టే అవుతాయి. ఆ నీళ్లు పారబోసి మామూలుగా ఉడికించుకోవడమే. అది కూడా కుదరకపోతే డబ్బాలో వచ్చే ఉడికిన శనగలు కొని నీళ్లతో బాగా కడిగి వాడతాను, కడిగితే ఉప్పు తగ్గుతుంది. అందులో తప్పేం లేదు, అలసిపోయిన రోజున తినకుండా పడుకోవడం కంటే నయం.

టోఫు మెత్తగా ఉందని నచ్చనివాళ్లు ఒకసారి ప్యాకెట్‌ని అలాగే ఫ్రీజర్‌లో పెట్టి చూడండి. లోపలి నీళ్లు గడ్డకట్టి కన్నాలు చేస్తాయి. కరిగాక రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కితే స్పంజిలా నీళ్లు కారిపోతాయి, మిగిలేది పొరలు పొరలుగా, నమిలేలా ఉంటుంది, మసాలా లోపలిదాకా పీల్చుకుంటుంది. మొదటిసారి చేసినప్పుడు రంగు కాస్త పసుపుగా మారిందని పారేయబోయాను, పాడవ్వలేదు, గడ్డకడితే అలాగే అవుతుంది. కరిగితే మళ్లీ తెల్లబడుతుంది.

వానచినుకు:

మొలకల మాట నేనే ఎత్తాను కాబట్టి ఒకటి చెప్తాను. మొలకలు పచ్చిగా తినకుండా ఆవిరి మీద ఉడికించుకోండి. మొలకెత్తడానికి కావాల్సిన వెచ్చదనం, తడి బ్యాక్టీరియాకి కూడా బాగా నచ్చుతాయి. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల ఈ.కొలై వ్యాపించి యాభై మందికి పైగా చనిపోయారు. నేను ఈ విషయంలో జాగ్రత్తగానే ఉన్నాను, బి12 విషయంలోనే లేను.

రూమ్‌లో ముగ్గురం, వాళ్లిద్దరూ అన్నీ తింటారు. మొదట్లో నా వంట నేను, వాళ్ల వంట వాళ్లు, స్టవ్ కోసం గొడవ. ఇప్పుడు పప్పు, అన్నం, ఒక కూర ముగ్గురికీ కలిపి వీగన్‌గానే వండుతాం, వాళ్లకి పాలో గుడ్డో కావాలంటే విడిగా కలుపుకుంటారు. నాకు వంట వారానికి రెండు రోజులే పడుతోంది. వాళ్లని మార్చాలని నేను ప్రయత్నించలేదు, అడిగితే మాత్రం చెప్తాను. ప్యాకెట్లు కొనేటప్పుడు వెనక చదవండి, పాలపొడి, వే, కేసీన్ (ఈ రెండూ పాల నుంచి తీసేవే) అనేవి బిస్కెట్లలో, మసాలా పొడుల్లో, చిప్స్‌లో కూడా ఉంటాయి.

కిటికీపక్కబెంచి:

ఆరు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించండి, మధ్యలో పరీక్షలు.

ల్యాబ్_లైట్లు గారూ, మీరు చెప్పిన మూడో రోజే రక్తం ఇచ్చాను. బి12 బాగా తక్కువ, హిమోగ్లోబిన్ కూడా తక్కువే. మొదట చూపించిన చోట "పాలు తాగు, అన్నీ సర్దుకుంటాయి" అని పంపించేశారు. అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ కారణం వివరంగా చెప్పి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, తర్వాత టాబ్లెట్ మానకుండా వేసుకోమన్నారు. వీగన్‌గా ఉండొచ్చా అని అడిగాను. ఉండొచ్చు, టాబ్లెట్ మాత్రం మర్చిపోకూడదు అన్నారు. అరికాళ్ల తిమ్మిరి చాలావరకు తగ్గింది, కుడి బొటనవేలి దగ్గర ఇంకా కొంచెం ఉంది. టాబ్లెట్ల డబ్బాని టూత్‌బ్రష్ పక్కన పెట్టుకున్నాను.

వంట విషయానికొస్తే, మొదటి ఆదివారం ఘోరం. శనగలతో పాటే టమాటాలు కుక్కర్‌లో వేసేశాను, పులుపు మాట చదివి కూడా. రెండోసారి ఉడికించినా పలుకే. మూడో వారం నుంచి కుదిరింది. ఇప్పుడు రాత్రి ఏడుకి వచ్చి ఏడున్నరకి తింటున్నాను, ఎనిమిదికి చదువు. పొద్దున ఓట్స్‌లో సోయా పాలు, చెంచాడు అవిసె గింజల పొడి, అరటిపండు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుంటున్నాను, లేవగానే తినడమే. మధ్యాహ్నం బాక్స్‌లో రాత్రి కూర, అన్నం. క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయి నిన్న నా బాక్స్‌లోంచి రెండు చెంచాలు తిని మీల్‌మేకర్ ఇంత బాగుంటుందా అంది. వేడినీళ్లలో నానబెట్టాక గట్టిగా పిండేసి, మళ్లీ చల్లటి నీళ్లు పోసి ఇంకోసారి పిండాలి, ఆ వాసన పోతుంది, అప్పుడు వేయించాలి అని చెప్పాను. ఈ ఆదివారం తను వస్తానంది.

నానబెట్టినశనగలు:

చాలా సంతోషం. ఇద్దరికైతే శనగలు ఒకటిన్నర కప్పు నానబెట్టు. ఉడకని ఆ టమాటా శనగలు పారేశావా?

కిటికీపక్కబెంచి:

లేదు, మిక్సీలో వేసి నువ్వులతో రుబ్బాను. బ్రెడ్డు మీద రాసుకుని నాలుగు రోజులు తిన్నాను.